నాలిక కింద చుక్క

దమ్మపేట దాటి అడివి మొదలయ్యే చోట ఒక సర్కారు దవాఖానా. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపు రోజు. వెనక గదిలో సూపర్‌వైజర్ సంపూర్ణ, నర్సు హెప్సిబా, బల్ల మీద ఎర్రమ్మ.

"మళ్ళీ చూడు."

"రెండు చేతులకీ చూసిన మేడం. నూట ఎనభై మీద నూట ఇరవై. అదే చూపిస్తంది."

"పట్టీ వదులుగా చుట్టి ఉంటావు."

"గట్టిగనే చుట్టిన."

"ఏందక్కా, ఎక్కువున్నదా? నాకేం నొప్పి లేదు. తల దిమ్ముగుంది, గంతే. పొద్దుగాల్నుంచి నీళ్ళు గూడ ముట్టలే గద, మీరే తాగొద్దన్నరని."

"నువ్వు మాట్లాడకు ఎర్రమ్మా. మాట్లాడితే ఇంకా పెరుగుద్ది. ఆ సంచి మీద తల పెట్టావేంటి? పక్కకి జరుపు. అందులో నా బైబిలుంది."

"నల్లట్ట పుస్తకం అదేనా అమ్మా? గట్టిగ తగిలితే చెప్పుల డబ్బా అనుకున్న."

"నవ్వకు హెప్సిబా. ఏముందని నవ్వుతున్నావు?"

"నవ్వలే మేడం. ఈమెను ఇయ్యాల పంపిద్దాం. నూట నలభై దాటినోళ్ళని బల్ల ఎక్కించొద్దని డాక్టరు గారు పొద్దున్నే చెప్పిండు. రోజుకో గోళీ ఇచ్చి, బీపీ దిగినంక వచ్చే క్యాంపుల..."

"పంపిస్తే మళ్ళొస్తుందా? ఏమ్మా, వస్తావా?"

"ఎట్లొస్తనమ్మా? సంతకు పోయొస్తనని మా అత్తకు చెప్పి బయటపడ్డ. చంటిదాన్ని ఆమె ఒళ్ళోనే వదిలొచ్చిన. ఇంకోసారి ఇట్ల కుదరదు. అక్కా, నన్ను పంపొద్దక్కా. పోయిన కాన్పుల నాకు ఫిట్సు వచ్చినయ్."

"ఎక్కడ?"

"ఇంట్లనే. నాలిక కొరుక్కున్ననంట. మంచం మీదేసి మోసుకొచ్చిన్రు వాగు దాకా. భద్రాచలం దవాఖానల కండ్లు తెరిచిన. డాక్టరమ్మ ఏమన్నది? ఇంకోటి కడుపుల పడ్డదంటే నువ్వు దక్కవు అన్నది. ముగ్గురున్నరక్కా నాకు. పెద్దదానికి ఇంక జడేసుకోవడం గూడ రాదు."

"విన్నావా హెప్సిబా? పంపిస్తావా ఇప్పుడు?"

"పంపితే చస్తదని కాదు మేడం, పంపకుంటే..."

"పేర్లు రాయి ముందు. మొగుడి పేరేంటమ్మా?"

"జంపయ్య."

"ఏ జంపయ్య?"

"ఏ జంపయ్యంటే ఏం చెప్పాలమ్మా? ఇప్పపూలకు పోతే ఎలుగ్గొడ్డు చెవి కొరికింది గద, ఆ జంపయ్య. కుడి చెవి ఉండదు."

"కుడి చెవా?"

"ఎరికేనా అమ్మా మీకు?"

"నాకెట్లా తెలుస్తాడు? ఊరికి నలుగురు జంపయ్యలుంటారు."

"చెవి లేనోడు ఒక్కడే అమ్మా."

"సరే సరే. రాసేయ్ హెప్సిబా, జల్దీ. అల్మారాలో క్యాప్సూల్స్ ఉన్నాయి చూడు, నిఫెడిపిన్. ఒకటి తియ్యి. సూది కూడా."

"మింగడానికా మేడం?"

"సూదితో మింగిస్తారా ఎవరన్నా? పొడిచి నాలుక కింద పిండు. అరగంటలో దిగుద్ది."

"అట్ల పిండొద్దని మొన్న ఖమ్మం ట్రైనింగుల శాంతికుమార్ సారు చెప్పిండు మేడం. ఒకటికి రెండుసార్లు చెప్పిండు."

"ఆయన ఏసీ గదిలో చెప్తాడు. సాయంత్రం లోపల నా టార్గెట్ పూర్తవ్వాలి. ఒక్క కేసు తక్కువుంది, ఒక్కటంటే ఒక్కటి. లేదంటే నన్ను గోదావరి అవతలికి తోస్తారు. మా అమ్మాయి అక్సాకి పదో తరగతి పరీక్షలు. దాన్ని ఖమ్మం ఖానాపురం హవేలీలో ఎవరి దగ్గర వదిలిపోను? నీ దగ్గరా?"

"ఏం మందక్కా అది? ఎర్రగుంది, తేనె లెక్క."

"చెప్త ఎర్రమ్మా. ఒంట్ల సన్న సన్న రక్తనాళాలుంటయ్, వెంట్రుకల్లెక్క. వాటి చుట్టూ కండ ఉంటది. ఆ కండకు కంటికి కనపడని తూములుంటయ్. తూము తెరుచుకుంటే క్యాల్షియం లోపలికి పోతది. అంటే నువ్వు తమలపాకుల పెట్టుకుంటవ్ చూడు, ఆ సున్నం జాతిది. అది లోపలికి పోయిందంటే కండ పిడికిలి బిగించినట్టు బిగుసుకుంటది. నాళం ఇరుకైతది. ఇరుకైతే రక్తం గట్టిగ తోసుకుంట పోవాలె. గదే బీపీ."

"అయితే ఆకు వక్క మానేస్త."

"దానితోని రాదే. అది ఒంట్ల ఉండాల్సిందే. అది లేకుంటే గుండె గూడ కొట్టుకోదు. ఈ మందు పోయి ఆ తూములు మూస్తది. పిడికిలి వదులైతది."

"మరి మంచిదే గదక్కా."

"నిమ్మళంగ మూస్తే మంచిదే. రోజూ గోళీ మింగితే అట్ల నిమ్మళంగ మూస్తది. నాలిక కింద పిండితే ఎంత దిగుతదో, ఏడ ఆగుతదో మన చేతుల ఉండదు. ఒళ్ళంత నాళాలు ఒక్కపాలిగ వదులైతయ్. కాలువకు అన్ని దిక్కులా గండి పడ్డట్టు. అప్పుడేమైతది? దిగువ మళ్ళల్ల నీళ్ళే నీళ్ళు. ఎగువ మడికి చుక్క ఎక్కదు."

"ఎగువ మడంటే?"

"తల. నీ తలకు గట్టి వరదే అలవాటైంది ఎర్రమ్మా. శానా రోజుల్నుంచి."

"అయిందా పాఠం? పిల్లా, నేను మధిరలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పిండుతున్నా ఇది. నువ్వప్పుడు లంగా జాకెట్టులో ఉన్నావు. ఎంతమందికి పిండానో లెక్క లేదు. అందరూ బల్ల ఎక్కారు, దిగారు, లేచి నడిచి వెళ్ళారు."

"ఇంటికి పోయినంక ఎట్లున్నరో చూసిన్రా మేడం?"

"గేటు దాటేదాకా చూశా. నాకది చాలు."

"మేడం, ఇంకో దారుంది. ఈమె పెనిమిటిని పిలిపిద్దాం. మగోళ్ళది చిన్న పని గద, కోత గూడ ఉండదు, ఈమె బీపీతోని పనే లేదు. మీకు కేసు కేసే. ఎర్రమ్మా, మీ ఆయన ఏడున్నడు ఇప్పుడు?"

"సంతలనే. చీపుర్లు అమ్మనీకి వచ్చిండు. ఆయన కంట పడకుండ నేను వెనక బాట పట్టి వచ్చిన."

"దగ్గర్నే మేడం. అటెండర్ బిచ్యాను సైకిలేసుకొని పొమ్మంట..."

"వద్దు."

"ఒక్క మాట అడిగి చూద్దాం."

"వద్దన్నానా?"

"ఎందుకు మేడం?"

"ఎందుకంటే... ఎందుకేంటి? అడివిలో మగాళ్ళు ఒప్పుకుంటారా ఎక్కడన్నా? మొగుణ్ణి పిలిస్తే గొడ్డలి భుజానేసుకుని వస్తాడు. నువ్వొచ్చి ఆర్నెల్లు కాలేదు, నీకేం తెలుసు?"

"మా ఆయన గొడ్డలెత్తేటోడు కాదమ్మా. ఈ మధ్య గొంతు గూడ లేపడు. ఎందుకో ఏడాది నుంచి అట్లయిండు. పోయినేడు మిరప కోతలకని పోయి వారం దినాలు రాలే. వచ్చినంక చూస్తే కాళ్ళు ఎడంగ పెట్టుకొని బాతు లెక్క నడుస్తండు. ఏందయ్యా అంటే గజ్జల్ల గడ్డ లేసిందన్నడు. చూపెట్టమంటే చూపెట్టలే. సిగ్గంట! ముగ్గురు పిల్లల తండ్రికి!"

"గజ్జల్లనా? కాళ్ళు ఎడంగ..."

"హెప్సిబా, సూది పట్టు."

"మేడం, ఆమె చెప్పింది విన్నరా?"

"విన్నా. ఎండాకాలం సెగగడ్డలు రావా? మీ నాన్నకి రాలేదా? రాలేదని రాసిచ్చాడా? నీ కాంట్రాక్టు మార్చికి అయిపోతుంది. ఆ కాయితం నా బల్ల మీదికే వస్తుంది. గుర్తుంచుకుని మాట్లాడు."

"పెట్టక్కా. భయపడకు. మందే గద."

"నీకర్థమైందా ఎర్రమ్మా నేను చెప్పింది?"

"అయిందక్కా. ఎగువ మడి ఎండితే ఎండనియ్. కడుపు పండకుంటే చాలు నాకు."

"చూశావా, దానికున్న తెలివి నీకు లేదు. ఊఁ, నోరు తెరువు. నాలుక పైకి. హెప్సిబా, పిండు. మొత్తం పిండు, దాచుకుంటున్నావేంటి, నీ మూటలో కడతావా?"

"పిండిన."

"మింగకు ఎర్రమ్మా. అక్కడే ఉంచు. ఎట్లా ఉంది?"

"చేదు. వేపనీళ్ళ లెక్క... మొఖం మంటెక్కుతంది అమ్మా. పొయ్యి ముంగట కూసున్నట్టు."

"అదే. పనిచేస్తుంది."

"గుండె గూడ కొట్టుకుంటంది, దడదడ."

"అది కూడా మందే. పడుకో. హెప్సిబా, బయట లైను చూసిరా. ఎంతమంది ఉన్నారు మన ముందు?"

"నాగలక్ష్మి లోపలికి పోయింది. ఇంకిద్దరు. మేడం, చూస్తనుండండి, చెయ్యి ఇయ్యి ఎర్రమ్మా... నూట యాభై మీద వంద."

"చూశావా దిగింది."

"దిగింది. ఇంక దిగుతది మేడం, ఆగుదాం. మందు ఇంకా నోట్లనే ఉంది."

"డాక్టరు గారు భోజనానికి లేస్తే మళ్ళీ కూర్చోడు. జీపు ఎక్కేస్తాడు. ఇంకోటి తియ్యి."

"ఇంకోటా?"

"ఇంకోటే. చెవుడా?"

"నేను తియ్య మేడం. ఇందాకటి దానికే పాపం మూటగట్టుకున్న."

"పాపం పుణ్యం నర్సుకెందుకు? ఇటివ్వు, నేనే పిండుతా. ఎక్కడికి పోతున్నావు?"

"నీళ్ళకు."

"నీళ్ళు తాగించకూడదని తెలీదూ?"

"తాగించనీకి కాదు. తడిగుడ్డకు. మొఖం ఎర్రగైంది ఈమెకు."

"జల్దీ రా. నోరు తెరువు ఎర్రమ్మా. అంతే. ఇంకొంచెం. ఆఁ."

"అమ్మా."

"మాట్లాడకు."

"మీకెందరమ్మా పిల్లలు?"

"ఒక్కతే. అక్సా."

"మీ ఆయన ఇంకొకటి కావాలనలేదా?"

"పోయాడు. మీ ఆయన... నిన్నేమన్నా అంటాడా ఇంట్లో? ఆపరేషన్ గురించి?"

"నేనే ఎత్తుత ఆ మాట. ఎత్తితే 'నీకెందుకే అది' అంటడు. గంతే. లేచి బయటికి పోతడు. కొడుకులు ఇంకా కావాలనుందేమో. మాపటేల దగ్గరికొస్తే నాకు పానం పోతదమ్మా. పిల్లల నడుమ దూరి పండుకుంట. 'ఏం కాదులేవే' అని నవ్వుతడు. ఏం కాదంట! మోసేది ఆయనా? ఫిట్సు వచ్చింది ఆయనకా? ఒకనాడు కోపమొచ్చి చేయి కొరికిన. ఏమనలే. చూరు కింద పోయి పండుకున్నడు పాపం."

"ప్రభువా..."

"అమ్మా, మీరేమన్న అన్నరా?"

"ఏమీ అనలేదు. కళ్ళు మూసుకో."

"గుడ్డ తెచ్చిన మేడం."

"బిచ్యాతో ఏం మాట్లాడావు బయట? కిటికీలోంచి కనపడ్డావు."

"బకెట్ అడిగిన."

"బకెట్ అడిగితే వాడు సైకిలెందుకు తీశాడు?"

"నాకేమెరుక మేడం? బీడీలకు పోయిండేమో."

"నీ సంగతి సాయంత్రం చూస్తా. బీపీ చూడు ముందు."

"చెయ్యి ఎర్రమ్మా... ఎర్రమ్మా, చల్లగున్నయేంది వేళ్ళు? ఉండు... మేడం."

"ఎంత?"

"తొంభై."

"మీద?"

"తొంభై మీద యాభై మేడం! ఇంత కిందికా! సగానికి సగం..."

"దేవునికి స్తోత్రం! దిగింది కదా, ఏడుస్తావెందుకు? ఎక్కితే ఏడుపు, దిగితే ఏడుపు. నూట పది అని రాయి. లే ఎర్రమ్మా, నీ వరుసొచ్చింది."

"లేస్త అమ్మా. ఒక్క నిమిషం."

"నిమిషాల్లేవు. లే."

"మబ్బు పట్టిందా అమ్మా బయట?"

"ఎండ మాడుస్తుంటే మబ్బేంటే?"

"మరి కిటికీ ఎందుకు మూసిన్రు?"

"ఎవరూ మూయలేదు."

"ఎర్రమ్మా, ఇటు. నేను, హెప్సిబాను. నా దిక్కు చూడు. ఇవి ఎన్ని వేళ్ళు?"

"ఏడ అక్కా?"

"నీ మొఖం ముందల్నే పెట్టిన."

"చేతిని వెలుగులకు పెట్టక్కా, చీకట్ల ఎట్ల కనపడతది?"

"ఓ దేవా... ఎర్రమ్మా, ఎడమ చెయ్యి లేపు."

"లేపిన గద."

"లేవలే."

"లేపిన అక్కా. పైకే ఉంది."

"మేడం! కండ్లు పోయినయ్ ఈమెకు! చెయ్యి పడిపోయింది! డాక్టరు గారిని పిలవండి!"

"అరవకు! బయట వినపడుద్ది. నీరసం అది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, కళ్ళు తిరిగాయి. కాళ్ళు పైకెత్తి పట్టుకో, అదే తేరుకుంటుంది."

"తేరుకునేది కాదు మేడం ఇది!"

"క్యాప్సూల్ తొక్కలు ఎక్కడేశావు?"

"ఏంది?"

"తొక్కలు. రెండూ. బల్ల కింద పడ్డాయా చూడు. తీసి జేబులో వేసుకో. అడిగితే ఏ మందూ ఇవ్వలేదు, గదిలోకి రాగానే కళ్ళు తిరిగాయంది. అర్థమైందా? వేలిముద్ర పడిందా ఒప్పుకోలు కాయితం మీద?"

"మీరు మనిషేనా?"

"పడిందా లేదా?"

"అమ్మా, వేలిముద్ర వేస్తనమ్మా. చెయ్యి పట్టుకొని పెట్టించండి, నాకు ఆనతలేదు. నన్ను పంపకండి. ఈ చీకటి పోతది గద మెల్లగ. ఆపరేషను అయితే చాలు, ఏం లేదు, అయితే చాలు..."

"ఏమే ఎర్రమ్మా! ఏడున్నది మా ఆడమనిషి? గా సైకిలాయన ఇటే చూపించిండు!"

"ఎవరది? మగాళ్ళు లోపలికి రాకూడదు! హెప్సిబా, తలుపెయ్!"

"నేనెయ్య మేడం. నేనే పిలిపించిన. జంపయ్యా, లోపలికి రా. సందుల నుంచి రా, జల్దీ. నువ్వీమె దగ్గర ఉండు, నేను డాక్టరు గారిని తీస్కొస్త..."

"ఏమైంది సిస్టరమ్మా? సంతల చీపుర్లు ఆడనే పడేసి వచ్చిన. ఏమైందే? ఏందట్ల గోడ దిక్కు చూస్తవ్?"

"నువ్వేనా? ఏడున్నవ్?"

"నీ ముంగట నిలబడ్డ గదనే!"

"కోపం చెయ్యకు. నీకు చెప్పకుండ వచ్చిన. ఇంక పిల్లలు పుట్టకుండ చేయించుకుందామని... చస్తనని భయమైందయ్యా నాకు."

"నీకెందుకే అది? ఎన్నిసార్లు చెప్పిన నీకెందుకని?"

"ఎప్పుడు అదే మాట. ఎందుకో ఒక్కనాడన్న చెప్పినవా?"

"చెప్తే నువ్వు నవ్వుతవని... వాడల మగోళ్ళకు తెలిస్తే విత్తనాల పండగ వేటకు నన్ను పిలవరని..."

"జంపయ్యా, ఏం చెప్పలే నువ్వు ఈమెకు? చెప్పు!"

"హెప్సిబా, నువ్వు డాక్టరు గారి దగ్గరికి పోతానన్నావు కదా, పో! బాబూ, నువ్వు బయటికి నడువు. తర్వాత మాట్లాడుకోవచ్చు."

"మిరప కోతలకు పోలేదే నేను. నువ్వు భద్రాచలంల చావు బతుకుల మీద పండుకున్నవ్ గద, అది చూసినంక నాకు కూడు పోలే. నేనే చేయించుకున్న. మగోళ్ళ ఆపరేషను. పోయినేడే అయిపోయింది నాది."

"నీకా? నీకు చేసిన్రా?"

"ఏడుస్తవేందే? నీకింక ఏం కాదే, ఎన్నడూ కాదు. కావాలంటే ఈ సంపూర్ణమ్మనడుగు. అమ్మా, మొఖం అటు తిప్పుకుంటవేంది? చెవి చూసి గూడ గుర్తు పట్టలేదా నన్ను? నువ్వే గద జీపెక్కించి తీస్కపోయింది. ఆ సంచిలున్న నల్లట్ట పుస్తకం మీద చెయ్యేసి, నా పెండ్లానికి గూడ చెప్పనంటివి."